నిండుకున్న కుండ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏదీ అయిపోయేది కాదు. అన్నీ నిండుకునేవి. ఉప్పు నిండుకునేది, నూనె నిండుకునేది, బియ్యం మరీ తరచుగా నిండుకునేవి. పొయ్యి దగ్గర ‘లేదు’ అన్న మాట పలికితే లక్ష్మి లేచిపోతుందని మా బాపమ్మ నమ్మకం. బాపమ్మ అంటే మా బాపు తల్లి, నాన్నమ్మ. ఆమె లెక్కలో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. ఇల్లు దాటేవాళ్లు ‘పోత’ అనకూడదు, ‘పోయొస్త’ అనాలి. మాటలను బట్టి చూస్తే చెన్నూరులో మా అంత కలిగినవాళ్లు లేరు. లక్ష్మి మా ఇంట్లో ఎన్నడూ కూర్చున్న జాడ లేదు గానీ, లేచిపోతుందన్న భయం మాత్రం ఇంటినిండా ఉండేది.

నన్ను సూదిమూతి పిల్ల అనేవారు. ఎవరైనా గంభీరంగా ఏదన్నా మొదలుపెడితే, ఆ ఉబ్బిన మాటకు ఎక్కడో ఒకచోట సూది గుచ్చితే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. దానికి బాపమ్మ తిట్టేది, బాపు చూడనట్టు ఉండేవాడు, అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేది. అవ్వ అంటే మా అమ్మ. ఆమె నవ్వుతుందన్న ఆశే నాకు అసలు జీతం.

నైజాం పోయి కొన్నేళ్లయింది. రాజ్యం మారిందని మగవాళ్లు హోటల్ ముందు కూర్చొని చెప్పుకునేవారు. ఆ సంగతి మా బియ్యం కుండ దాకా రాలేదు. బాపు బెల్లంపల్లి దిక్కు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. వీలు దొరికినప్పుడు భుజాన బియ్యం మూటతో వచ్చేవాడు, మూట దించేవాడు, ఒళ్లంతా రుద్దుకొని స్నానం చేసేవాడు, అయినా కళ్ల చుట్టూ నలుపు పోయేది కాదు. రెండు పూటలు తిని ‘పోయొస్త’ అని వెళ్లేవాడు. ఆ నడుమ కాలమంతా మాకు అవ్వ పెరడే దిక్కు.

పెరడు అంటే పెద్దదేం కాదు. రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత జాగా. అవ్వ అందులోనే ఇంటిల్లిపాదికీ కూర పండించేది. బోళ్లు తోమిన నీళ్లు కాలువ కట్టి మిరపచెట్లకు మలిపేది. ఒకపక్క పుంటికూర, అదే గోంగూర, ఇంకోపక్క వరసగా గోకరకాయ అనే గోరుచిక్కుడు, ఇంటి కప్పు మీద సొరతీగ, దడి మీద బీరతీగ. కోపం వస్తే పెరట్లోకి పోయేది, సంబురం వచ్చినా అక్కడికే పోయేది. బయటికి వచ్చేటప్పుడు మాత్రం రెండింటికీ ఒకటే గుర్తు, ఒళ్లో ఏదో ఒక కూర. పుంటికూరలో పచ్చిమిర్చి వేసి ఉడికించి, ఎల్లిగడ్డ వేసి ఎనిపి, వేడి జొన్న గట్కతో పెడితే మేము మాట్లాడకుండా తినేవాళ్లం. నేను మాట్లాడకుండా ఉన్న సందర్భాలు అవే.

దడికి అవతల పక్కింటి ఆయి ఉండేది. ప్రాణహిత అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మరాఠీ మనిషి. వాళ్ల భాషలో ఆయి అంటే అమ్మ. ఆమె పిల్లలు పిలిచేది విని వాడకట్టంతా అలాగే పిలిచేది. ఆమె కంటే వయసులో ఎంతో పెద్దదైన మా బాపమ్మ కూడా. ఆయి భర్త ఫారెస్టు జవాను కాబట్టి వాళ్లింట్లో గింజలకు కరువు లేదు. ఆయి తెలుగు అంగట్లో నేర్చుకున్న తెలుగు. బేరమాడటానికి సరిపోయేది. ఏ మాటకు బయటికి ఏ అర్థం కనబడుతుందో ఆ అర్థమే పట్టుకునేది, దాని వెనుక ఇంకోటి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేము ఒకరి వంటింట్లోకి ఒకరం పోయేవాళ్లం కాదు. మాటలన్నీ దడి మీదుగానే.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా తమ్ముడు పుట్టాడు. నల్లగా, కోపంగా ఉన్నాడు. బొగ్గుబాయికి వెళ్లి వచ్చినట్టే ఉన్నాడని నేనంటే అవ్వ నొప్పుల మీద కూడా నవ్వింది. వాడి ఏడుపు అంగడి దాకా వినబడేది. బాపుకు కబురు పంపారు గానీ, ఈలోపే వాగులు పొంగాయి. బస్సు ఆగిపోయింది. గోదావరి ఎర్రగా, తొందరగా, ఎవరినీ పట్టించుకోకుండా పోతూ ఉండేది. బాపు వాగుల అవతల, బియ్యం మూట అవతల, మేము ఇవతల.

బాలింతకు పథ్యం ఉంటుంది. పాతబియ్యం అన్నం, ఎల్లిగడ్డ కారం, వేడినీళ్లు. పుంటికూర పులుపు, సొరకాయ చలువ, గోకరకాయ వాతం, బీరకాయ పచ్చిబాలింతకు పడదు. అంటే పెరట్లో ఉన్నవన్నీ మేము తినొచ్చు, అవి పండించిన మనిషి మాత్రం తినకూడదు. జొన్నలు ముందే నిండుకున్నాయి. ఉన్న కాసిని బియ్యం అవ్వకే అని బాపమ్మ దాచింది. అవి మొదట అన్నంగా వచ్చాయి, తర్వాత జావగా, ఆ తర్వాత మెతుకు కోసం వెతుక్కోవలసిన గంజిగా. బాపమ్మా నేనూ ఉడకబెట్టిన ఆకు తిన్నాం. పూటపూటకూ ఆకే. వాడకట్టులో మిగతావాళ్ల సంగతీ అంతంతే, అడిగితే వాళ్లూ ‘నిండుకున్నయి’ అనే అంటారు.

ఒక పొద్దున ఆయి దడి దగ్గరికి వచ్చి, “అమ్మా, బాలింతకు బియ్యం ఉన్నయా?” అని అడిగింది.

బాపమ్మ తల పైకెత్తకుండా, ఎంత మర్యాదగా చెప్పాలో అంత మర్యాదగా, “నిండుకున్నయి బిడ్డా” అంది.

ఆయి ముఖం విప్పారింది. రెండు చేతులూ జోడించి ఆకాశానికి మొక్కింది. “బరం ఝాలం. దేవుడు మంచోడు” అని లోపలికి వెళ్లిపోయింది. బరం ఝాలం అంటే మంచిదైందని.

బాపమ్మ అప్పుడు తల పైకెత్తింది. “బియ్యం నిండుకున్నయంటే మంచిదైందంటదా. గసొంటి మనిషిని నేను సూడలే” అంది.

“ఆయి మొగడు ఫారెస్టాయన గద బాపమ్మా. మనం ఆకులు మేస్తే ఆమెకు సంబురమే” అన్నాను.

లోపల మంచం మీద అవ్వ నవ్వింది. చిన్న నవ్వు. ఆ తర్వాత చాలాకాలం ఆ చప్పుడు వినలేదు కాబట్టి నాకు బాగా గుర్తు.

ఆయి మళ్లీ మళ్లీ అడిగింది. బాపమ్మ మళ్లీ మళ్లీ అదే మాట చెప్పింది. ఒకామె పొయ్యి దగ్గర అబద్ధమాడకుండా, అమంగళం పలకకుండా, చేయి చాపకుండా తన ఇంటి సంగతి అంతా చెప్పుకున్నాననుకుంది. ఇంకొకామె కడుపు నిండిన ఇంటి కబురు విని తృప్తిగా వెళ్లింది. బాపమ్మ మనసు గట్టిపడింది. “రోజొచ్చి అడుగుడెందుకు, దండం పెట్టుడెందుకు? ఇయ్యకుంటే ఊకోవాలె” అని గొణిగేది. కానీ అడిగేది కాదు. అడగడం ఆమెకు రాదు. ఆ విద్య లేనివాళ్లు ఆకలికి త్వరగా దొరుకుతారు.

మా తమ్ముడి ఏడుపు అంగడి నుంచి వాడకట్టుకు తగ్గింది. వాడకట్టు నుంచి ఇంటికి. చివరికి మంచం పక్కన కూర్చుంటే తప్ప వినబడలేదు. అవ్వ వాణ్ణి ఈ రొమ్ముకూ ఆ రొమ్ముకూ మార్చేది. బాపమ్మ ఇక పథ్యాన్ని పక్కన పెట్టి సొరకాయ ఉడికించిన నీళ్లు కూడా తాగించింది. పాలు పడలేదు.

ఒక ఉదయం, బాగా తెల్లారాక, వానలేని పూట, వాడు పోయాడు. పోయినట్టు వెంటనే తెలియలేదు. అంత నెమ్మదైపోయాడు.

ఆయి భర్త పసిబిడ్డను తువ్వాలలో చుట్టుకొని వాగు దిక్కు తీసుకుపోయాడు. ఆడవాళ్లు వచ్చారు. దేవునికి ముద్దొచ్చిన పిల్లలను తొందరగా తీసుకుంటాడని ఒక పెద్దావిడ అంది. దేవునికి నలుపు ఇష్టమేమో అని నాకు నోటిదాకా వచ్చింది. అవ్వ వైపు చూశాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. మాట మింగేశాను. సూదిమూతికి అది కొత్త.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు. ఇరుగుపొరుగు వండి తేవాలి. ముట్టించొద్దని మాకు గట్టిగా చెప్పారు, మేమూ బుద్ధిగా విన్నాం. ఆయి గిన్నెలనిండా అన్నం, పప్పు తెచ్చింది. అంతకాలం తర్వాత మా ఇంట్లోకి వచ్చిన అన్నం అది. దాన్ని రప్పించడానికి ఒకడు పోవలసి వచ్చింది.

అన్నం మార్చడానికి ఖాళీ గిన్నె కోసం ఆయి వెతికింది. బాపమ్మ అవ్వ దగ్గరుంది, నేను గడపలో కూర్చొని ఉన్నాను. ఎవరిని అడగాలో తెలియక ఆయి మొదటిసారి మా వంటింట్లో అడుగుపెట్టింది. ఒక మూత తీసిన చప్పుడు. పెట్టిన చప్పుడు. ఇంకో మూత. తర్వాత చప్పుళ్లు తొందరయ్యాయి. బాపమ్మ లేచి వచ్చింది.

ఆయి బియ్యం కుండను రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. “అమ్మా, నిండుకున్నయంటివి గద.”

“నిండుకున్నయి.”

“యెక్కడ?” కుండను వంచి చూపించింది. అడుగున అంటుకున్న తౌడు తప్ప ఏమీ రాలలేదు.

బాపమ్మ కుండ వైపు చూసింది, ఆయి వైపు చూసింది. “నిండుకున్నయంటే గదే బిడ్డా” అంది, నెమ్మదిగా. ఆయికి అర్థం కాలేదు. బాపమ్మకు అంతకంటే విప్పి చెప్పే మాట నోట రాలేదు.

“ఆయీ, నిండుకున్నయంటే లేవని” అన్నాను నేను.

పొయ్యి ముందే అన్నాను. నన్ను ఎవరూ తిట్టలేదు.

ఆయి కుండను ఒళ్లో పెట్టుకొని కింద కూలబడింది. ఏడవలేదు. తన భాషలో ఏదో చిన్నగా అంటూ కుండ అంచును చేత్తో తడుముతూ కూర్చుంది. తెలవదు, నాకు తెలవదు అని ఆమె అంటున్నదని చాలా రోజుల తర్వాత నాకు బోధపడింది. బాపమ్మ ఆమె పక్కన కూర్చుంది. “నేను సుత నిన్ను మనసుల ఎన్ని తిట్లు తిట్టిననో” అంది. “నీది తప్పు గాదు. నాది గాదు. గా మాటది.”

తప్పును మాట మీద వేయడం సులువు. మాట తిరగబడదు, జైలుకూ పోదు. అన్నం ఉండి ఉంటే వాడు బతికేవాడా అంటే ఈనాటికీ చెప్పలేను. కడుపునిండా తినే ఇళ్లలో కూడా ఆ రోజుల్లో పసివాళ్లు పోయేవారు. అయినా ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఆ లెక్క వేసుకోకుండా ఉండలేకపోయారని మాత్రం తెలుసు. ఆ సాయంత్రం ఆయి భర్త జొన్నల బస్తా, బియ్యం మూట తెచ్చి మా అరుగు మీద దించాడు. కుండ నిజంగా నిండింది. దాన్ని ఏమని చెప్పుకోవాలో మా ఇంట్లో మాట లేకపోయింది.

వాగు తగ్గాక బాపు వచ్చాడు. భుజాన మూట, చేతిలో ఎర్ర పూసల మొలతాడు. మూట దించి, చెమట తుడుచుకొని, నవ్వు ముఖంతో, “పిల్లగాడేడి?” అన్నాడు.

అన్నిటికీ ఇంకో మాట ఉన్న మా బాపమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. “లేడు బిడ్డా” అంది.

బాపు మొలతాడును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. రెండు రోజులుండి మళ్లీ బాయికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు ‘పోయొస్త’ అనలేదు.

అవ్వ గోడ వైపు నుంచి తిరగలేదు. ఇప్పుడు గింజలున్నాయి, కానీ తినవలసిన మనిషి లేనట్టే ఉంది. బాపమ్మ కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే పెదవులు తెరిచేది కాదు. బతిమాలింది, బెదిరించింది, నా మీద ఒట్టు పెట్టింది. నేను కోతిలా నడిచి చూపించాను, వాడకట్టులో పెద్దావిడ ఏడ్చినట్టు ఏడ్చి చూపించాను. నా హాస్యం అంత చప్పగా ఎన్నడూ పోలేదు. అవ్వ చేతి ఎముకలు కనబడుతున్నాయి. తల్లిని కూడా వాగు దిక్కు తీసుకుపోతారేమోనన్న భయం నాకు పట్టుకుంది. ఆ భయానికి గుచ్చే సూది నా దగ్గర లేదు.

పెరడును చూసేవాళ్లు లేక గోకరకాయ విరగకాసింది. ఒక మధ్యాహ్నం ఆయి అడగకుండా మా పెరట్లోకి వెళ్లి ఒడినిండా కోసుకొచ్చింది. ఒక చాట, ఒక చాకు పట్టుకొని సరాసరి అవ్వ మంచం పక్కన చాప మీద కూర్చుంది. మాట్లాడలేదు, ఓదార్చలేదు. చాకుతో గోకరకాయలు తరగడం మొదలుపెట్టింది.

ఆ తరగడం చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. తొడిమెలు తీయడం లేదు, నార లాగడం లేదు. ఒకటి చిటికెన వేలంత, ఇంకోటి గోరంత. కొన్ని నిలువుగా చీల్చింది. చాకు చప్పుడు ఠకా ఠకా. నేను గడపలో నిలబడి, ఆయీ, గోకరకాయలను ఎందుకు అట్ల కొడుతున్నవ్ అనబోయాను. వెనుక నుంచి బాపమ్మ చేయి వచ్చి నా నోరు మూసింది.

చాలాసేపు గడిచింది. చాటలో అన్యాయం కుప్పలుగా పెరిగింది. అవ్వ తల కొంచెం తిరిగింది. చాట వైపు చూసింది. మళ్లీ గోడ వైపు తిరిగింది. మళ్లీ చూసింది.

“అట్ల గాదు” అంది. గొంతు బొంగురుగా ఉంది, వాడి వాడి పాడైన తలుపులా కాదు, వాడక పాడైన తలుపులా.

ఆయి వినబడనట్టు ఇంకో కాయను నిలువునా చీల్చింది.

“అట్ల గాదు ఆయీ. నార తియ్యకుంటే గొంతుల పడ్తది.” అవ్వ మోచేతి మీద లేచింది. చాకు లాక్కొని పక్కన పడేసింది. ఒక కాయ తీసుకొని రెండు కొసలూ తుంచి, నార లాగి, మూడు ముక్కలుగా విరిచింది. ఇంకోటి తీసుకుంది. ఇంకోటి. ఆయి తరిగిన పాడు ముక్కల్లో నుంచి కూడా నార ఏరడం మొదలుపెట్టింది. అలా విరుస్తూ విరుస్తూ కళ్ల నుంచి నీళ్లు కారుస్తూనే ఉంది, చేతులు మాత్రం ఆగలేదు. నేలను తవ్విన చేతులవి, ఊరకే ఉండటం వాటికి నేర్పలేదు.

ఆ పూట ఆయి మా వంటింట్లోనే వండింది. పల్లిపొడి చల్లిన గోకరకాయ కూర, జొన్నరొట్టె. బాలింత పథ్యం గురించి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి బాలింతనమే మిగల్లేదు. అవ్వ రొట్టె తుంచి కూర అద్దుకొని నోట్లో పెట్టుకుంది. మేము ముగ్గురం ఆమె దవడ వైపే చూస్తూ కూర్చున్నాం. అది కదిలింది. మింగింది.

“ఉప్పెక్కువైంది” అంది అవ్వ.

“రేపు తక్కువేస్త” అంది ఆయి.

బాపమ్మ గబగబా లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. మా ఇంట్లో ఒకరికొకరు మేలు చేశావని చెప్పుకునే అలవాటు లేదు. ఆ పొద్దు నేను వెళ్లి చూస్తే ఆమె గోకర మళ్ల మధ్య నిలబడి, కొంగుతో ముఖం మూసుకొని, దడి అవతలి ఆ ఇంటి వైపు తిరిగి దండం పెడుతోంది. నన్ను చూసి, “పురుగు పట్టిందేమో సూస్తున్న” అంది. పురుగు పట్టలేదు.

కొన్నాళ్లకు దడి సందులోంచి చూస్తే ఆయి తన వాకిట్లో గోకరకాయలు ఒలుస్తోంది. చాకు లేదు. బొటనవేలు, చూపుడువేలు, అంతే. కొసలు ఎగిరిపోతున్నాయి, నార ఒక్క లాగుడుకు వస్తోంది, ముక్కలన్నీ ఒక్క కొలత. మా అవ్వ కంటే వేగం. “ఆయీ, నీకు ఒలుసుడొస్తదా?” అన్నాను. “గవార్ యెవరికి రాదు పిల్లా?” అంది, తల ఎత్తకుండా. వాళ్ల భాషలో గోకరకాయను గవార్ అంటారు.

ఇప్పుడు నా వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. నాకూ ఇంటి వెనుక చిన్న జాగా ఉంది, అందులో గోకరకాయ తప్పకుండా పెడతాను. తెలిసినవాళ్లింట్లో చావు జరిగితే ఓదార్పు మాటలు పట్టుకుపోను. అవి నాకు పొసగవు, నోరు తెరిస్తే ఏదో ఒకటి గుచ్చుతాను. ఒడినిండా కాయలు పట్టుకుపోయి, తిండి మానేసిన మనిషి దగ్గర కూర్చొని, చాకుతో పాడు చేస్తాను. వచ్చిన పనిని రానట్టు చేయడం అంత తేలిక కాదు, చేతులు మాటిమాటికీ సరిగ్గా చేయబోతాయి. పట్టి ఆపుకోవాలి. ఎవరో ఒకరు ‘అట్ల గాదు’ అని లాక్కుంటారు.

ఒక ఇంట్లో మాత్రం ఎవరూ లాక్కోలేదు. అక్కడ పోయినవాడు చాలా చిన్నవాడు. పొద్దు వాలేదాకా కూర్చొని చాటంతా నేనే పాడు చేశాను. ఆ ముక్కలతోనే వండాను, నారతో సహా. పళ్లాల్లో పెట్టి వాళ్ల ముందు జరిపి, నా పళ్లెం నేను పట్టుకొని మొదటి ముద్ద తిన్నాను. గొంతులో పడింది. దగ్గాను. ఆ పిల్లవాడి తల్లి తలెత్తి నా వైపు చూసింది, నీళ్ల చెంబు నా ముందుకు తోసింది, తన పళ్లెం దగ్గరికి లాక్కుంది.